ఊటలో మిలియను చేపలు

1927 మార్చి 6, ఆదివారం

చేపలు వచ్చాయి. శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా బండిలో మూడు రోజులు. కిరసనాయిలు డబ్బాలో పదకొండు బతికి ఉన్నాయి, నాలుగు వెల్లకిలా తేలుతున్నాయి. గాజుపెట్టెకు ఒక పక్క పలక మూల నుంచి మూలకు చీలింది.

ఆరాధనకు సోములమ్మ ఒక్కతే వచ్చింది. అదీ వాక్యం కోసం కాదు, డబ్బాలో ఏముందోనని. ప్రసంగం చెయ్యలేదు. గొంతు బాగోలేదు.

మార్చి 7

చేపలు పంపిన డాక్టరు ఉత్తరం రెండోసారి చదివాను. ఈ చేపలు సముద్రాల అవతలి దీవులవట. చిటికెన వేలి గోరుకన్నా కొంచెం పెద్దవి. గుడ్లు పెట్టవు, పిల్లల్నే ఈనుతాయి. ఒక జత ఏడాది తిరిగేసరికి లెక్కకు అందకుండా పెరుగుతుంది కాబట్టి దొరలు మిలియను చేపలని పేరు పెట్టారట. దోమలు నీళ్ళలో పురుగులుగా ఉండగానే వీటికి ఆహారం. కొండజ్వరం తెచ్చేది నీళ్ళూ కాదు, గాలీ కాదు, దోమ అంటాడు డాక్టరు. రెండు వందలయ్యేదాకా గాజుపెట్టెలో పెంచి, వానలకు ముందు గూడెంవాళ్ళు నీళ్ళు ముంచుకునే ఊటలో వదలమన్నాడు. వానలు పడితే జ్వరాల కాలం మొదలు.

కిందటి ఆగస్టులో ఆయన మా ఇంటికి వచ్చాడు. అప్పటికి మా పిల్ల రాహేలును పూడ్చి రెండు రోజులైంది. గుమ్మంలోనే నిలబడి, ఆలస్యమైంది బర్నబా అన్నాడు.

ఆయన చేపలు పెంచమన్నాడు, నేను ఒప్పుకున్నాను. ఇందులో అంతకు మించి ఏమీ లేదు.

మార్చి 9

చీలికకు గుగ్గిలం, ఆముదం కలిపి కాచి పూశాను. గుగ్గిలం సోములమ్మ తెచ్చి ఇచ్చింది. గోడకు అవతలి గుడిసె ఆమెదే. కొడుకూ కోడలూ కాఫీ తోట పనికి పోతే మనవరాలు గంగను ఆమే పెంచుతోంది. వాగులోంచి గెడ్డ ఇసుక తెచ్చి ఏడుసార్లు కడిగాను. వాక్యంలో కుష్ఠు పోవడానికి ఏటిలో ఏడుసార్లు మునిగిన సైన్యాధిపతి గుర్తొచ్చాడు. ఇసుకతోపాటు వచ్చిన నాచు ఏరి పారేశాను. నీళ్ళు గుడ్డలో వడగట్టి, ఒక పగలు ఎండలో ఉంచి పోశాను.

"ఏటయ్యోరూ, గాజులో నీల్లు పోసి ఏటి సేత్తన్నావు?"

"చేపలు పెంచుతున్నాను."

"తినడానికా?"

"కాదు."

"అమ్మడానికా?"

"కాదు."

"మరి మొక్కడానికా?" అని నవ్వింది. గంగ కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే. దానికి నాలుగేళ్ళు.

నాకు కోపం రావలసింది. రాలేదు.

మార్చి 12

మగవి సన్నగా ఉన్నాయి. తోకలో ఎరుపు, నీలం, ఒక నల్లచుక్క. ఆడవి బూడిద రంగు, పొట్ట లావు. మగవి రోజంతా ఆడవాటి వెంట పడుతున్నాయి.

మార్చి 13, ఆదివారం

గొంతు బాగోలేదు.

మార్చి 19

ఈ ఉదయం ఒక ఆడచేప ఈనింది. సన్న అక్షరాల వాక్యం చదవడానికి పెట్టుకున్న భూతద్దం తెచ్చి చూశాను. పిల్ల ముడుచుకుని రాలింది, ఇసుక మీద ఒక క్షణం ఉంది, విప్పుకుని పైకి ఈదింది. రెండు కళ్ళు, ఒక గీత. అంతే. అలా పద్నాలుగు లెక్కపెట్టాను.

పదిహేనో పిల్లకోసం చూస్తుండగా తల్లి వెనక్కి తిరిగి ఒకదాన్ని మింగింది. ఆ తర్వాత ఇంకొకటి. తక్కినవీ చేరాయి. ఎండ గోడ దిగేలోపల అయిపోయింది.

ఇన్నేళ్ళ ప్రసంగాల్లో పిల్లల్ని రెక్కల కింద దాచుకునే కోడి ఉంది. పిల్లల్ని పోగొట్టుకున్న ఎలుగుబంటి ఉంది. తల్లి చేప ఎక్కడా లేదు.

మార్చి 24

నా భార్య సవరమ్మ దగ్గర నుంచి ఉత్తరం. శృంగవరపుకోటలో అన్న ఇంట్లో బాగానే ఉందట. వానలయ్యాక వస్తానంటోంది. పోయినసారి పంటలయ్యాక వస్తానంది.

మార్చి 28

ఈసారి తెలివిగా చేశాను. పొట్ట నల్లబడిన చేపను వేరే సీసాలో పెట్టాను. ఈనగానే తల్లిని తీసేశాను. ఇరవై మూడు పిల్లలు. చోడిపిండి, అంటే రాగిపిండే, సన్నగా జల్లించి చిటికెడు వేశాను. తిన్నట్టు కనబడలేదు. ఇంకో చిటికెడు వేశాను.

మార్చి 30

నీళ్ళు తెల్లగా కల్లులా అయ్యాయి. వాసన. సీసాలో నీళ్ళన్నీ తీసి, సీసాను సున్నంతో తోమి, ఊటనీళ్ళు వడగట్టి పోశాను. పిల్లల్ని చెంచాతో ఎత్తి వేశాను. గాజు తళతళలాడుతోంది. ఇంత శుభ్రమైన నీళ్ళు ఈ కొండ మీద ఇంకెక్కడా ఉండవు.

ఏప్రిల్ 1

ఒకటీ లేదు.

ఏప్రిల్ 2

సోములమ్మ సీసా ఎత్తి వెలుగుకు పెట్టి చూసింది.

"నీల్లక్కూడా బాప్తిస్మం ఇచ్చీసినావేటి? అంత తోమితే పిల్లలేటి తింతాయి?"

"చోడిపిండి వేశాను."

"పుట్టిన గుంటకి సంకటి పెడతావా? నోరు సూడు ఎంతుందో. వరిమడిలో సేపపిల్లలు ఎక్కడుంతాయి? కుళ్ళిన గడ్డి కాడ. పాసి కాడ. నువ్వు ఆ పాసే పారేసినావు."

పాత వరిగడ్డి రెండు పిడికిళ్ళు తెచ్చి, కుండలో నీళ్ళు పోసి, మూత పెట్టి పోయింది. ముట్టుకోవద్దని చెప్పి మరీ పోయింది. నాకు ఆజ్ఞ ఇచ్చేవాళ్ళు ఈ గూడెంలో ఆమె ఒక్కతే.

ఏప్రిల్ 7

గడ్డి కుండలో నీళ్ళు టీ రంగుకు వచ్చాయి. మీద బూడిదలాంటి పొర. ఒక చుక్క గాజు ముక్క మీద వేసి భూతద్దం పెట్టాను. మొదట ఏమీ లేదు. తర్వాత చుక్కంతా కదిలింది. దుమ్ము రేణువుల్లాంటివి, ఒకదాన్నొకటి తోసుకుంటూ.

నీళ్ళు జలచరాలతో నిండాలని దేవుడు సెలవిచ్చిన సృష్టి దినాన్ని గురించి పదిసార్లైనా చెప్పి ఉంటాను. ప్రతిసారీ తిమింగిలాన్నే తలచుకున్నాను.

ఏప్రిల్ 10, ఆదివారం

మూడో ఈత. ముప్ఫై ఒకటి. గడ్డినీళ్ళు పొద్దున ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా. నాచు కూడా తిరిగి తెచ్చి వేశాను.

ఆరాధన లేదు. గొంతు.

ఏప్రిల్ 11

ముప్ఫై ఒకటి.

ఏప్రిల్ 12

ముప్ఫై ఒకటి. పొట్టలు కనబడుతున్నాయి.

ఏప్రిల్ 13

ముప్ఫై. ఒకటి ఇసుకలో దొరికింది.

ఏప్రిల్ 16

డుంబ్రిగుడ సంతకు పోయి గుడ్లు తెచ్చాను. ఉడికించిన పచ్చసొన గుడ్డలో పెట్టి పిండితే వారం దాటిన పిల్లలకు మంచిదని డాక్టరు రాశాడు.

ఇటుకల పండగని మరిచిపోయాను. మగవాళ్ళంతా వేటకు అడవిలో ఉన్నారు. గూడెం మొదట్లో ఆడవాళ్ళు దారికి అడ్డంగా వెదురుగడ కట్టి, పేడనీళ్ళ కుండలు పెట్టుకుని కూచున్నారు. వేట లేకుండా వచ్చిన మగవాడి గతి అది.

"ఆగు! ఏటి ఏసినావు?"

"నేను వేటకు పోలేదు. సంత నుంచి వస్తున్నాను."

"బుట్టలో ఏటి?"

"గుడ్లు."

"గుడ్డుని ఏసినాడర్రా! బాణంతోనా, బల్లెంతోనా? ఎంత దూరం తరిమినావేటి అయ్యోరూ?"

ఆ కేక వేసింది సోములమ్మే. కుండెడు పేడనీళ్ళు నా మీద పోసిందీ ఆమే. గుడ్లకు తగలకుండా బుట్ట పైకెత్తి పట్టుకున్నాను. వాళ్ళకు అదింకా నవ్వయింది.

నాలుగేళ్ళ కిందటైతే అక్కడే నిలబడి అగ్నిగంధకాల గురించి సాయంత్రం దాకా చెప్పేవాణ్ణి. ఇంటికి వచ్చి స్నానం చేశాను. గుడ్లు ఒక్కటీ పగల్లేదు.

ఏప్రిల్ 17, పునరుత్థాన ఆదివారం

ఎవరూ రాలేదు. డప్పులు మోగుతూనే ఉన్నాయి. గంట కొట్టాను, వాక్యం పైకి చదివాను, మూశాను. కొత్త ఈతతో కలిపి నలభై ఆరు పిల్లలు.

ఏప్రిల్ 25

పెద్దపిల్లలు గడ్డినీళ్ళకు ఆశపడడం లేదు. దోమపురుగులు అలవాటు చెయ్యాలని డాక్టరు రాశాడు, ఊటలో వాటి పని అదే కాబట్టి. ఊట నుంచి రోజూ పట్టి తేవడం కుదరడం లేదు. సోములమ్మను అడిగితే అంచు విరిగిన కుండలు నాలుగు ఇచ్చింది. నీళ్ళూ రాలిన ఆకులూ వేసి, గోడ పక్క నీడలో, ఆమె గుడిసెకూ మా ఇంటికీ మధ్య పెట్టాను. వారంలో పురుగులు పడతాయి.

మే 3

కుండల్లో పురుగులు పుష్కలం. గుడ్డతో తోడి వేస్తే చేపపిల్లలు ఎగబడుతున్నాయి. వాటిని చూస్తూ కూచుంటే పొద్దు తెలియడం లేదు. గంగ వచ్చి పక్కన కూచుంటోంది. పురుగు ఒకటి మాయమైనప్పుడల్లా చప్పట్లు.

మే 6

నూట పన్నెండు. చిన్నపిల్లలకు సీసా, నడిపివాటికి గాబు, పెద్దవాటికి గాజుపెట్టె. కుండలు తోడినకొద్దీ నిండుతున్నాయి. నేను తోడలేనన్ని.

మే 12

గంగకు జ్వరం. మధ్యాహ్నం చలి, తర్వాత వేడి, తర్వాత చెమట. తపాలా కచేరీలో కొన్న పొట్లాల్లోంచి క్వినైను ఇచ్చాను. చేదుకు ఉమ్మేసింది. మళ్ళీ ఇచ్చాను.

మే 13

కుండలు బోర్లించాను. చేపలు పెద్దవయ్యాయి, ఇక గుడ్డు చాలు.

మే 14

గంగకు ఈ రోజు చలి లేదు.

మే 15, ఆదివారం

మళ్ళీ చలి. సోములమ్మ ఆరాధనకు రాలేదు, ఎలా వస్తుంది.

గూడెంలో ఇంకెవరికీ జ్వరం లేదు. అడిగి తెలుసుకున్నాను. ఇది జ్వరాల కాలం కాదు.

మే 16

కుండలు బోర్లించాను కదా అని మళ్ళీ వెళ్ళి చూశాను. నాలుగూ బోర్లించే ఉన్నాయి.

మే 18

గంగ గంజి తాగింది. సోములమ్మ నా చేతులు పట్టుకుని, నీ మందే కాసినాది అయ్యోరూ అంది. దేవుణ్ణి స్తుతించమన్నాను. అంతకన్నా ఏమీ అనలేదు.

మే 20

నూట తొంభై ఎనిమిది. రెండు వందలన్నట్టే. ఊటలో వదలడానికి మంగ్లును అడగడానికి వెళ్ళాను. దిసారి అతనే. పండగలకు రోజులు చూసేదీ, ఊటకు మొక్కేదీ, గూడెంలో తప్పులు విచారించేదీ అతనే. అడగకుండా వదిలెయ్యవచ్చు. కాని ఎవరైనా చేపల్ని చూసి భయపడి తోడి పారేస్తే ఇంత పనీ వృథా.

గుమ్మంలో చుట్ట కాలుస్తున్నాడు. చెప్పింది విన్నాడు.

"సోములమ్మ సెప్పినాది. దోమపిల్లల్ని తింతాయంట. మంచిదే, ఎయ్యి."

లేవబోయాను.

"కూకో. ముందు ఊటకి తప్పు కట్టాల."

దేనికని అడగలేదు. నేను ఈ కొండకు వచ్చిన ఏడాది సంగతి అది. ఆ రోజు ప్రసంగం బాగా సాగింది. మాట వెంట మాట అదే వచ్చింది. ఊట దగ్గర గూడెంవాళ్ళు మొక్కే పసుపు పూసిన రాయిని రెండు చేతులా పెకలించి లోయలోకి దొర్లించాను. శక్తి ఉంటే తిరిగి రమ్మనండి అని అరిచాను. మర్నాటికి అక్కడ ఇంకో రాయి ఉంది. మా ఇంటికి నీళ్ళు ఒక్క రోజు కూడా ఆపలేదు.

"ఆ రాయి పగ తీర్చుకుందనే కదా మీరంతా అనుకున్నది? నా పిల్ల పోయినప్పుడు?" అన్నాను. అనాలనుకోలేదు.

మంగ్లు నోట్లోంచి చుట్ట తీశాడు.

"ఎవులన్నారు?"

"అనుకున్నారు."

"ఎవులన్నారో పేరు సెప్పు, ఆడి సేతా తప్పు కట్టిత్తాను. మా ఊట గుంటల్ని తినదు. నీ గుంట రోజూ కడవెత్తుకొచ్చి మా గుంటల్తో ఆడినాది. జొరమొచ్చి పోనాది. నా కొడుకులిద్దరూ అలాగే పోనారు. నానేటి, రాయి దొర్లించినానా?"

అతను చుట్ట మళ్ళీ వెలిగించేదాకా ఆగి అడిగాను.

"మరి తప్పు దేనికి?"

"ఒకలింటికెల్లి పీట తన్నీసి వొచ్చినావు. ఇప్పుడు అదే ఇంటికి సుట్టాన్ని తీసుకెల్తానంతన్నావు. ఒట్టి సేతుల్తో ఎల్తావా?"

ఒక కోడి, మానెడు బియ్యం. అందరి ముందూ కూచుని చేసింది నా నోటితో చెప్పాలి. కోడిని ఊట దగ్గర కోసి అక్కడే వండుతారు. తప్పు కట్టినవాడు మొదటి ముద్ద తినాలి. అతను తినేదాకా ఎవరూ ముట్టరు.

మే 21

కుదరదు.

మే 22, ఆదివారం

విగ్రహం ఒట్టిదే, తిండి మనిషిని దేవునికి దగ్గరా చెయ్యదు, దూరమూ చెయ్యదు అని అపొస్తలుడు ఒక చోట రాశాడు. కొంచెం ముందుకు పోతే దయ్యాల బల్లలో పాలు పొందకూడదని ఆయనే రాశాడు. రెండు చోట్లా వేళ్ళు పెట్టుకుని పొద్దంతా కూచున్నాను.

మూడేళ్ళ కిందట సుక్రు కొత్త కొర్రల్ని ఊరి దేవతకు పెట్టే కొర్రకొత్త పండగలో తిన్నాడని సంఘంలోంచి వెలివేశాను. మొత్తం సంఘం ఏడుగురు అప్పట్లో. ఆకలేసి తిన్నానయ్యా అన్నాడు. రెండో చోటు చదివి వినిపించాను. మొదటి చోటు చదవలేదు.

మే 25

గాజుపెట్టె ఇరుకైపోయింది. పొద్దున చేపలు నీటి మీదికి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నూట తొంభై ఒకటి.

మే 27

నూట ఎనభై మూడు.

డాక్టరుకు రాసి ఇంకో ఊటకు పంపమనవచ్చు. కాని బండి రావాలి. వచ్చేలోపల వానలు.

మే 28

గంగకు మళ్ళీ చలి. తగ్గిందనుకున్నది తగ్గలేదు. పొట్ట ఎడమ పక్క గట్టిగా ఉంది. రాహేలుకూ అక్కడే.

నూట ఎనభై.

మే 30

తూర్పున మబ్బు. నూట డెబ్భై నాలుగు.

మంగ్లు దగ్గరికి వెళ్ళి రోజు చెప్పమన్నాను. వేళ్ళ మీద లెక్క వేసి శుక్రవారం అన్నాడు.

"కోడి నల్లదా, ఎర్రదా?" అని అడిగాను.

"రుసికి ఏదైనా ఒకటే," అన్నాడు.

జూన్ 3, శుక్రవారం

కావడికి ఒక పక్క చేపల డబ్బా, ఒక పక్క బియ్యమూ కోడీ. నూట డెబ్భై ఒకటి. ఎండ ఎక్కకముందే ఊట చేరాను. గూడెమంతా వచ్చింది. నా ఆరాధనకు ఇంతమంది ఎన్నడూ రాలేదు. సోములమ్మ గంగను దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూచుంది.

అందరి మధ్య నేల మీద కూచోమన్నారు. నా ప్రసంగాల్లో ఎంతమందిని ముందుకు రమ్మని, మోకాళ్ళూని ఒప్పుకోమన్నానో. ఇక్కడ మోకాళ్ళు లేవు, బాసింపట్టే.

రాయి సంగతి చెప్పాను. పొడవుగా చెప్పలేదు. పెకలించాను, దొర్లించాను, తప్పు అన్నాను.

"ఇంకేటైనా ఉన్నాదా?" అన్నాడు మంగ్లు. అది అడగడం వాళ్ళ పద్ధతి. "ఉంతే ఇప్పుడే సెప్పీ. ఒక మనిసిని రెండుసార్లు కూకోబెట్టం."

లేదు అంటే సరిపోయేది. కోడిని అప్పటికే కాళ్ళు కట్టి పట్టుకున్నారు.

కుండల సంగతి చెప్పాను. చేపలకు మేత కోసం దోమపురుగులు పెంచానని, తోడగా మిగిలినవి దోమలై పోయి ఉంటాయని, కుండలకు ఆరడుగుల దూరంలో గంగ పడుకునేదని, రెండు వారాలకు జ్వరం వచ్చిందని, గూడెంలో మరెవరికీ రాలేదని. వచ్చిన మర్నాడే కుండలు బోర్లించానని, ఎందుకో అప్పుడు చెప్పలేదని. గొంతు బాగానే ఉంది. చివరి వరసదాకా వినబడింది.

వెనక నుంచి ఎవరో, "ఇంకో కోడి పడతాది!" అన్నారు. నలుగురు నవ్వారు. మంగ్లు అటు చూశాడు, ఆగిపోయింది.

సోములమ్మ నావైపు చూడలేదు. గంగ జుట్టు సర్దుతోంది.

"ఆ కుండలు నానిచ్చినవి," అంది. నాతో కాదు. ఎవరితోనూ కాదు.

అంతసేపూ కదలని మంగ్లు లేచి కోడిని తీసుకున్నాడు. "ఒక కోడే," అన్నాడు. "కావాలని సేసినదానికే కోడి. తెలీక సేసినదానికి ఏటి కడతాం, ఎంతని కడతాం."

వండింది సుక్రు. అడ్డాకు విస్తరిలో నా ముందు అన్నం పెట్టి, కూర వేసి, కాలేయం ముక్క ఏరి వేశాడు. పక్కకు నిలబడ్డాడు. వందమంది చూస్తున్నారు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఉన్నారు.

కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. ఏదో పెద్దదే మొదలుపెట్టి ఉంటాను.

"బేగి ముగించయ్యోరూ," అన్నాడు మంగ్లు మెల్లగా. "గుంటలకి ఆకలేత్తన్నాది."

ఆమేన్ అని తిన్నాను. ఉప్పు కొంచెం ఎక్కువ.

తర్వాత డబ్బాను ఊట అంచున నీళ్ళలో కాసేపు ఉంచాను, రెండు నీళ్ళ చల్లదనం ఒకటయ్యేదాకా. మంగ్లు ముందు చేయి పెట్టి నీళ్ళను తాకాడు. నేను డబ్బా వంచాను. ఒక్కసారిగా పోలేదు. అంచు దగ్గర గుంపుగా ఆగి, తర్వాత ఒకటి, తర్వాత అన్నీ. రాతి కిందికి, నాచులోకి. క్షణంలో నీళ్ళు ఖాళీగా కనబడ్డాయి.

జూన్ 5, ఆదివారం

సోములమ్మ రాలేదు.

జూన్ 6

వాన.

జూన్ 9

సోములమ్మ గోడ అవతల పని చేసుకుంటోంది. పిలిస్తే పలకలేదు. వాకిట్లో పగిలిన ముంతలూ చిప్పలూ అన్నీ ముక్కలు చేసి గోతిలో పూడ్చింది. నీళ్ళ కడవ మీద గుడ్డ కట్టింది. క్వినైను పొట్లాలు గోడ మీద పెడితే తీసుకుంటోంది. నేను లోపలికి వెళ్ళాకే.

జూన్ 12, ఆదివారం

పాదిరి దొరకు ఉత్తరం రాశాను. తప్పు కట్టాననీ, ఊట దగ్గర కోసినది తిన్నాననీ రాశాను. సుక్రును వెలివేసింది సరికాదేమోననీ రాశాను. చేపల సంగతి రాసి కొట్టేశాను. సాకు చెబుతున్నట్టుంది.

జూన్ 19, ఆదివారం

సుక్రు వచ్చి అరుగు మీద కూచున్నాడు. లోపలికి రమ్మన్నాను. ఇక్కడే బాగుంది అన్నాడు. ఇద్దరం వాన చూశాం. వాక్యం తీశాను, మొదటి చోటు చదివాను. "అదెప్పుడూ ఉందా అందులో?" అన్నాడు. ఉంది అన్నాను.

జూన్ 24

గంగకు పది రోజులుగా చలి లేదు. గోడ మీద గడ్డం ఆనించి ఖాళీ గాజుపెట్టెను చూస్తోంది. సోములమ్మ లోపలి నుంచి ఒకసారి పిలిచింది. రెండోసారి పిలవలేదు.

జూలై 2

దొర జవాబు వచ్చింది. విచారణ అయ్యేవరకు నేను ప్రసంగించరాదు, గంట కొట్టరాదు. ఇంట్లో ఉండవచ్చు. ఉత్తరం మర్యాదగానే ఉంది. సవరమ్మకు ఉన్నది ఉన్నట్టు రాశాను. ఇన్నాళ్ళలో ఆమెకు నేను రాసిన పెద్ద ఉత్తరం అదే.

జూలై 10, ఆదివారం

గంట లేదు. పొద్దున్నే గోడ అవతల నుంచి కేక.

"అయ్యోరూ! కడవట్టుకుని బేగి రా. నీల్లకే, కంగారు పడకు."

నెల తర్వాత ఆమె నన్ను పిలవడం అదే మొదలు. గంగ ముందు నడిచింది, పొట్ట ఇంకా ఎత్తుగానే ఉంది గాని కాళ్ళు గట్టిగానే వేస్తోంది. సోములమ్మ నా వెనక నడిచింది.

ఊట దగ్గర ఆడవాళ్ళు ఐదుగురు ఉన్నారు. ఎవరూ ముంచడం లేదు. అంచు వెంబడి, నీడలో, సూదిమొనల్లాంటి పిల్లలు. రెండు కళ్ళు, ఒక గీత. వందలు. ఒకామె కడవ అంచుతో నీళ్ళను మెల్లగా ఒకసారి తోసింది. పిల్లలు చెదిరి పక్కకు జరిగేదాకా ఆగి, ముంచుకుని, నెత్తికెత్తుకుని పోయింది. రెండో ఆమె అలాగే తోసింది, ఆగింది.

"ఇప్పుడందరమూ ఇలాగే," అంది సోములమ్మ. "నీ వొంతు."

నేను కడవ అంచు నీళ్ళకు ఆనించాను. ఆగాను.